వేలూరులో కొన్న సైకిల్, పాలారు ఇసుకలో దించిన గాలి

కొండల కింద మట్టిదారుల్లో తేలిగ్గా తిరగడానికి ఏ సైకిల్ కొనాలి అని ఈమధ్య నన్ను అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అడిగినవాళ్ళకు నేను సైకిల్ పేరు చెప్పను, ఒక రోజు గురించి చెబుతాను. తొంభైల నడిమి సంవత్సరాల్లో, మాఘమాసంలో ఒక శనివారం, మా చిన్నాయనతో కలిసి గుడియాత్తం నుంచి వేలూరుకు వెళ్ళి, లావు టైర్ల సైకిల్ ఒకటి కొని, దాన్ని తొక్కుకుంటూ ఇల్లు చేరాను. అటు బస్సులో గంటన్నర, ఇటు సైకిల్ మీద దాదాపు రోజంతా. మీరూ ఆ దారిన వెళ్ళాలనుకుంటే పనికొచ్చే సంగతులు మధ్యమధ్య చెబుతాను. రేట్లు మాత్రం అప్పటివి, వాటిని నమ్ముకుని బయలుదేరకండి.

ఆ సైకిల్ నాకు సరదాకి కాదు, ఉద్యోగానికి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి ఏడాదిన్నరగా అమ్మ పక్కన కూర్చుని బీడీలు చుడుతున్నాను. గుడియాత్తానికి పడమట, కొండ కింద ఒక పల్లెలో చిన్న బడి ఉంది. బస్సు మెయిన్ రోడ్డు దాకానే వెళ్తుంది. అక్కడినుంచి ఏడు కిలోమీటర్లు బండిదారి, సగం ఇసుక, సగం గులకరాళ్ళు. అంతకుముందు వచ్చిన ఇద్దరు టీచర్లూ ఆ దారికి భయపడి నెల తిరక్కుండా మానేశారు. బడికి తాళం పడి ఏడు నెలలైంది. సోమవారం వచ్చి చేరితే ఉద్యోగం నాది, లేకపోతే బడి ఆశ వదులుకుంటాం అని నడిపేవాళ్ళు కబురు పెట్టారు. మా నాన్న బెంగుళూరులో కట్టడం పనుల్లో ఉండి నెలకోసారి వచ్చేవాడు కాబట్టి, ఇంట్లో అవుననాలన్నా కాదనాలన్నా అమ్మే. అమ్మ కాదంది.

నా తరఫున మాట్లాడింది చిన్నాయన, అంటే నాన్న తమ్ముడు. ఊళ్ళో పేరున్న మేస్త్రీ. సంతకం తప్ప చదువు లేదు కానీ ఆ బడి కట్టింది ఆయనే. "వదినా, సిమెంటు మూటలు సైకిల్ మీద ఏసుకొని ఆ దావలోనే పోయినా. నా చేత్తో లేపిన గోడ అది. మొన్న పోయి చూస్తే తాళం ఏసి ఉండాది, వరండాలో మేకల్ని కట్టేసినారు. కడుపు మండిపోయె," అన్నాడు. అమ్మ చుడుతున్న బీడీ మీదినుంచి చూపు ఎత్తలేదు. "దావ మంచిది కాదని నువ్వే చెప్తా ఉండావు కదప్పా. పాప యాడన్నా పడి కాలు ఇరగ్గొట్టుకుంటే ఎవురు చూస్తారు?" అంది. చాలాసేపటికి ఒక షరతు పెట్టింది. "సరే, వేలూర్లో బండి కొనండి. ఏరు దాటి ఇవతలికి వచ్చినాక తారు రోడ్డు ఎక్కకుండా, మట్టి దావలోనే ఇంటికి తొక్కుకొని రానీ. నేను సామి దగ్గర దీపం పెట్టే లోపల గుమ్మంలో నిలబడితే సోమవారం పొమ్మంటా. బస్సు మీద ఏసుకొని వచ్చినారో, ఆ మాట మళ్ళీ నా ముందర ఎత్తకూడదు." కోపం వచ్చినా ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోతే బీడీల చేటే గతి.

శనివారం పొద్దున ఏడున్నరకు గుడియాత్తం స్టాండులో వేలూరు బస్సు ఎక్కాం. మనిషికి ఆరు రూపాయలు. చిన్నాయన తన పాత నల్ల సైకిల్‌ను బస్సు టాపు మీదికి ఎక్కించి తాడుతో కట్టాడు, దానికి కండక్టరు ఇంకో మూడు తీసుకున్నాడు. తిరుగు ప్రయాణంలో ఇద్దరం చెరో బండి మీద రావాలని మా ఏర్పాటు. కాట్పాడి దాటి పాలారు వంతెన మీదికి రాగానే చిన్నాయన కిటికీలోంచి కిందికి చూసి, "ఇసక బాగుండాది ఈ తూరి," అన్నాడు. ఆ మనిషికి ఏరంటే నీళ్ళు కాదు, ఇసుకే. నీళ్ళు మేం చూసి చాన్నాళ్ళయింది లెండి.

సైకిల్ షాపు పాత బస్టాండు వెనక సందులో ఉండేది. తొమ్మిదిన్నరకే తెరిచారు. ఓనరు తెల్లమీసాల పెద్దాయన. తమిళంలో మొదలుపెట్టి, మా మాట వినగానే తెలుగులోకి దిగి, మధ్యలో మళ్ళీ తమిళంలోకి జారేవాడు. ఆ రోజుల్లో షాపుల నిండా కొత్త రకాలు దిగుతున్నాయి. టీవీలో ప్రకటనలు చూసి అందరికీ గేరు సైకిళ్ళ మీద మోజు. ఆయన ముందు నాకోసం బుట్ట ఉన్న లేడీస్ సైకిల్ తెచ్చాడు. టైర్లు నా బొటనవేలంత లావు కూడా లేవు. వద్దన్నాను. తర్వాత తెచ్చినదాని మీదినుంచి నాకు చూపు మళ్ళలేదు. ఊదా రంగు, పద్దెనిమిది గేర్లు, ముందు చక్రానికి స్ప్రింగులు, మెరిసే స్టిక్కర్లు. ఎక్కకముందే అది నాదైపోయింది.

చిన్నాయన మాత్రం చేతిసంచీలోంచి తూకం గుండు తీశాడు. గోడ నిటారుగా ఉందో లేదో చూడటానికి మేస్త్రీలు దారానికి వేలాడగట్టే ఇనుప గుండు అది. పెళ్ళికి పోయినా ఆ సంచీలో ఉంటుంది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆయన సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టించి, రిమ్ము పక్కన దారం వేలాడదీసి, చక్రం తిప్పాడు. చక్రం ఒక చుట్టులో రెండుసార్లు దారాన్ని తాకింది. "చూడప్పా, నీ కొత్త గోడ వంకర," అన్నాడు. షాపాయనకు ముందు చిరాకు, తర్వాత నవ్వు వచ్చింది. "ముప్పై ఏళ్ళుగా అంగడి పెట్టినాను, సైకిల్‌కు గుండు ఏసినోళ్ళను ఇప్పుడే చూస్తా ఉండా. అది పైన పటారం మేస్త్రీ. ఆ స్ప్రింగు రెండు వానలకే పట్టేస్తాది. పాప తొక్కేది ఏ దావ?" అని అప్పుడు అడిగాడు. మొదటే అడగవలసిన ప్రశ్న. ఇసుకా గులకరాళ్ళూ అని చెప్పాను.

అప్పుడు లోపలినుంచి ఆకుపచ్చ సైకిల్ ఒకటి బయటికి వచ్చింది. చూడటానికి ఏమీ లేదు. స్ప్రింగులు లేవు, స్టిక్కరు ఒకటే, అదీ వంకరగా. వెనక అయిదు గేర్లు మాత్రం, టైర్లు లావు, వాటిమీద దిట్టమైన గళ్ళు. దారం పక్కన చక్రం నున్నగా తిరిగింది. కడ్డీకి అటో కాలు ఇటో కాలు వేసి నేలమీద నిలబడి చూడమన్నాడు షాపాయన. "కడ్డీకీ మనిషికీ నడమ నాలుగు వేళ్ళు సందు ఉండాల. గబుక్కున దిగాల్సి వస్తే ఆ సందే కాపాడేది," అన్నాడు. నాకు సరిగ్గా నాలుగు వేళ్ళు వచ్చింది. ఊదా దాంట్లో వేలు కూడా దూరదు, అది నాకంటే పొడుగు మనిషికి కుట్టిన చొక్కా. బ్రేకు మీటలు నా వేళ్ళకు అందుతున్నాయా అని కూడా చూశాడు. రెండువేల మూడొందలకు బేరం కుదిరింది. ఊదా సైకిల్‌ను వదిలిపెట్టడం నిజంగా బాధేసింది. బయటికి నడిపించుకొస్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను.

మేం చేసిన తప్పు ఆ తర్వాతే జరిగింది. షాపాయన గాలి కొట్టి, "పోదుం, ఇది చాలు," అని పంపు పక్కన పెట్టాడు. చిన్నాయన టైరును నొక్కి చూసి మొహం చిట్లించాడు. "ఏందప్పా ఇది, మెత్తగా ఉండాది. ఆ దావలో నేను మూట ఏసుకొని పోయినోణ్ణి, నాకు తెలీదా? టైరు రాయి మాదిరి ఉండాల," అని పంపు అందుకున్నాడు. వేలితో గీరితే ఠంగుమనేదాకా కొట్టాడు. షాపాయన "వేండాం మేస్త్రీ, వద్దు" అని రెండుసార్లు అని, మేస్త్రీతో వాదించడం గోడతో వాదించడమే అనుకున్నాడేమో, ఊరుకున్నాడు. నాకూ చిన్నాయన మాటే సబబనిపించింది. ఆ దారి తెలిసినవాడు ఆయనొక్కడే కదా.

పదకొండున్నరకు బయలుదేరాం. వేలూరు నుంచి విరించిపురం పదమూడు పద్నాలుగు కిలోమీటర్లు, మెయిన్ రోడ్డే. ఏరు దాటేదాకా తారు రోడ్డుకు అమ్మ అభ్యంతరం లేదు. లారీలు పక్కనుంచి పోతుంటే చున్నీ ఎగిరి మొహాన పడుతోంది, దాన్ని నడుముకు బిగించి కట్టుకున్నాను. గట్టి టైర్లు తారు మీద బాణాల్లా పోయాయి. గేర్లు మారుస్తుంటే కాళ్ళకింద బరువు మాయమవుతుండటం నాకు పరమ ఆశ్చర్యం. చిన్నాయన వెనక రొప్పుతూ వస్తుంటే, "ఏం మేస్త్రీ, మూట ఏమన్నా ఎత్తినారా?" అని వెక్కిరించాను. ఆ గర్వానికి మందు పాలారు దగ్గర సిద్ధంగా ఉంది.

పన్నెండున్నర దాటాక విరించిపురం చేరి, గుడి వీధి మొదట్లో ఒక పూటకూళ్ళ ఇంట్లో అన్నం తిన్నాం. ఇద్దరికీ కలిపి పద్దెనిమిది రూపాయలు, మజ్జిగ ఊరికే. వండి వడ్డించే అక్క చిత్తూరు వైపు మనిషి. సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "ఈ బండి నీదేనామ్మా? బుట్ట లేదే, కూరగాయలు యాడ పెడతావు?" అంది. కూరగాయలకు కాదక్కా, బడిలో పాఠం చెప్పడానికి పోవాలి అన్నాను. "అట్లనా! అయితే ఇంకో గరిటె ఏసుకో. పిల్లకాయలతో అరవాలంటే బలం కావాల," అని అడక్కుండానే వడ్డించింది. ఏరు దాటాక టీ తప్ప ఏమీ దొరకదు, ఇక్కడే కడుపు నింపుకోండి.

అక్కడినుంచి ఇసుక ట్రాక్టర్లు దిగే బాటలో ఏట్లోకి దిగాలి. బాట ఏటవాలుగా, గులకరాళ్ళతో నిండి ఉంది. రెండు గజాలు దిగానో లేదో, ముందు చక్రం ఒక్కో రాయి మీదా బంతిలా ఎగరసాగింది. బ్రేకు గట్టిగా పట్టాను. చక్రం పక్కకి జారింది, నేను ఇంకో పక్కకి. మోకాలు చెక్కుకుపోయింది, అరచేతిలో రాళ్ళు గుచ్చుకున్నాయి. లేచి, పంతం కొద్దీ మళ్ళీ ఎక్కి, ఇసుకలోకి దిగాను. గట్టి టైరు కత్తిలా ఇసుకను కోసుకుంటూ లోపలికి దిగబడి ఆగిపోయింది. మళ్ళీ పడ్డాను. ఈసారి దెబ్బ తగల్లేదు కానీ ఏడుపు ఆగలేదు. ఇదే ఇసుక, ఇవే రాళ్ళు ఆ బడిదారిలో ఏడు కిలోమీటర్లు ఉన్నాయి. ముందొచ్చిన ఇద్దరూ ఎందుకు మానేశారో నాకు అర్థమైంది.

చిన్నాయన పక్కన కూలబడ్డాడు. నా మోకాలు చూసి ఆయన మొహం వాడిపోయింది. "వద్దులే పాపా. మీ అమ్మ చెప్పిందే నిజం. బస్సు ఎక్కుదాం రా. బడికి ఎవురో ఒకరు వస్తారులే," అన్నాడు. ఎవరూ రారని మా ఇద్దరికీ తెలుసు.

కొంచెం దూరంలో ఇసుక నింపుకుంటున్న ట్రాక్టరు డ్రైవరు మమ్మల్ని గమనించి వచ్చాడు. చిన్నాయన కట్టిన ఇళ్ళకు ఇసుక తోలిన మనిషే. టైరును చెప్పుకాలితో తట్టి, "ఏం మేస్త్రీ, మూట యాడ?" అని అడిగాడు.

"మూట ఏందప్పా?"

"ఇంత గాలి కొట్టినారే, సిమెంటు ఎత్తుతారేమో అనుకుంటి. ఈ పాప బరువెంత? నా బండి చూడండి. రోడ్డు మీద గాలి నింపుతా, ఏట్లోకి దిగేటప్పుడు కొంచెం దించుతా. టైరు పరుచుకోవాల, నేలను పట్టుకోవాల. రాయి మాదిరి ఉంటే రాయి మీద రాయే కదా, నిలబడతాదా?"

చిన్నాయన ట్రాక్టరు చక్రాల వైపు చూశాడు. తర్వాత అరచేత్తో నుదుటిమీద ఫట్టున కొట్టుకున్నాడు. "ముప్పై ఏండ్లుగా ఈ ఇసకే కొంటా ఉండాను. ఈ ట్రాక్టర్లు గాలి దించేది రోజూ చూస్తా ఉండాను. మూట బరువుకు కొట్టిన గాలి మనిషి బరువుకు పనికిరాదని నా మట్టిబుర్రకు తట్టలేదే!" అన్నాడు. అంతసేపూ ఏడుస్తున్నదాన్ని ఆ మాటకు నవ్వేశాను.

చిన్నాయనే వాల్వు మరను వదులు చేశాడు. గాలి బుస్సుమని పోయింది. ఉత్సాహంలో ఎక్కువే పోయింది, రిమ్ము నేలకు తగిలేంత. మళ్ళీ ఆయన సైకిల్‌కున్న పంపుతో కొట్టాం. దించడం, కొట్టడం, నేను ఎక్కి చూడటం, దిగడం, ఇట్లా నాలుగుసార్లు. డ్రైవరు ఇసుక నింపుకోవడం మాని మాకు సలహాలిస్తూ నిలబడ్డాడు. చివరికి బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి పోయి, ఆపైన ఎదురు తిరిగేంత గాలి మిగిల్చాం. వదులుగా ఉన్న ఇసుకలో సైకిల్ నడిపించి, ట్రాక్టరు చక్రాలు తొక్కి గట్టిపరిచిన జాడలో ఎక్కాను. టైరు దిగబడలేదు. ఆవలి గట్టు ఎక్కే బాటలో అవే గులకరాళ్ళు. చిన్న గేరు వేసి, మోకాళ్ళు వదులుగా పెట్టి, మెల్లగా తొక్కాను. టైరు రాళ్ళను మింగుకుంటూ పైకి పోయింది. గట్టు మీదికి చేరి వెనక్కి చూస్తే, చిన్నాయన తన నల్ల సైకిల్‌ను భుజాన మోసుకుంటూ వస్తున్నాడు.

అప్పటికి మూడు కావస్తోంది. ఏటికి ఉత్తరాన, కె.వి. కుప్పం వైపు, చెరువు కట్టలూ కొబ్బరి తోటల మధ్య బండిదారులూ కలుపుకుంటూ గుడియాత్తం దాకా దాదాపు ఇరవై కిలోమీటర్లు వస్తుంది. ఇటుక బట్టీల దగ్గర దారి చీలినచోటల్లా అడగండి, తెలుగులో అడిగినా తమిళంలో అడిగినా చెబుతారు. చెరువు కట్ట మీద మట్టి నున్నగా, టైరు కింద చాపలా ఉంది. సైకిల్ తొక్కడంలో సుఖం అనేది నాకు మొదటిసారి తెలిసింది అక్కడే. కె.వి. కుప్పం దగ్గర టీ తాగేసరికి నాలుగున్నర దాటింది. చిన్నాయన కాళ్ళు ఆడటం లేదు. "నువ్వు ముందు పో పాపా. నాకోసం నిలబడితే మీ అమ్మ దీపం పెట్టేస్తాది. సోమవారం నుంచి ఒంటిగా పోయేదే కదా, ఇప్పుడే మొదలుపెట్టు," అన్నాడు.

ఒంటరిగా బయలుదేరాను. ఒక గంట దారి బాగానే సాగింది. ఊరు ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా ఎండిన వాగు ఒకటి అడ్డం వచ్చింది, ఏటవాలు, గులకరాళ్ళు. మోకాలు మండుతోంది. దిగి నడిపించుకుంటూ పోదామనుకున్నాను. కానీ దిగే అలవాటు ఇవాళ మొదలైతే సోమవారం కూడా దిగుతాను. సీటు మీదినుంచి కొంచెం లేచి, బ్రేకును పట్టీ పట్టనట్టు పట్టుకుని, చూపు చక్రం మీద కాక దారి మీద పెట్టి వదిలేశాను. సైకిల్ గలగలలాడుతూ దిగింది, అదే ఊపులో అటువైపు ఎక్కింది. చుట్టూ ఎవరూ లేరు కాబట్టి గట్టిగా కేక పెట్టాను.

మా వీధి మలుపు తిరిగేసరికి ఆరున్నర. పొద్దు గుంకి కాసేపయింది. వీధిలో ఇంటింటికీ దీపాలు వెలిగాయి, అగరొత్తుల వాసన వస్తోంది. ఆలస్యమైంది, అంతా అయిపోయింది అనుకున్నాను. మా ఇల్లొక్కటే చీకటిగా ఉంది. దగ్గరికి వెళ్తే అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. పక్కన నూనె పోసి వత్తి వేసిన ప్రమిద, చేతిలో అగ్గిపెట్టె. ఎంతసేపటినుంచి కూర్చుందో అడగలేదు. నా మోకాలు చూసింది, సైకిల్ చూసింది. "ఇంకా పెట్టలేదులే," అని అగ్గిపుల్ల గీసింది.

ఆ బడి దారిలో నేను ఆరేళ్ళు తొక్కాను. ఇంట్లో తెలుగు మాట్లాడి, రాయడం మాత్రం తమిళంలోనే తెలిసిన ఆ పిల్లల కోసమే, నేనూ పెద్దయ్యాక కష్టపడి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు ఇది రాయగలుగుతున్నది అందుకే. సైకిల్ ఎంచుకోవడం గురించి నాకు తెలిసిందల్లా ఆ ఒక్కరోజులో తెలిసిందే. గేర్లెన్ని అని కాదు, మీ దారి ఏది, దానిమీద పోయే బరువు ఎంత అని అడగండి. కడ్డీకి నాలుగు వేళ్ళ సందు, అందే బ్రేకులు, వంకర లేని చక్రం, లావు టైరు ఉంటే చాలు. ఎంత అనుభవం ఉన్నవాళ్ళయినా తాము మోసిన బరువును బట్టే సలహా చెబుతారు. అందులో ప్రేమ ఉంటుంది, దాన్ని ఉంచుకోండి, గాలి మాత్రం మీ బరువుకు తగ్గట్టు దించుకోండి.

ఇక గుర్తుపెట్టుకోవలసిన చిట్కా ఒకటే. మట్టిదారిలోకి దిగేముందు టైరును బొటనవేలితో నొక్కి చూడండి, కొంచెం లోపలికి పోయి ఆగాలి. సోమవారం పొద్దున నేను బయలుదేరుతుంటే అమ్మ వచ్చి వంగి, ముప్పై ఏళ్ళుగా బీడీలు చుట్టిన బొటనవేలితో రెండు టైర్లూ నొక్కింది. "బీడీ కూడా అంతే. బిగించి చుడితే పొగ రాదు, వదులుగా చుడితే ఊడిపోతాది," అంది. తర్వాత లేచి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, "సరిగ్గా ఉండాది, పో," అంది.